విజయవాడ నగర నియోజకవర్గాల చరిత్ర సేకరణ: 2024-25 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారాలు.

నగర ఎన్నికల చరిత్ర సేకరించే మన సంఘం ఆశయాలు అందరికీ తెలిసినవే. వాటికి మళ్లీ పేజీ ఖర్చు చేయకుండా ఏడాది పనిలోకి వస్తున్నాను. సర్వసభ్య సమావేశానికి నివేదిక పెట్టాలని నిబంధన ఉంది. నిబంధన లేకపోయినా రాసేవాళ్లమే, చేసినవాళ్ల కష్టం ఎక్కడో ఒకచోట నమోదు కావాలి కదా.

ముందుగా శాసనసభ్యుల పట్టిక సంగతి. విజయవాడ తూర్పు, పశ్చిమ, సెంట్రల్ నియోజకవర్గాలు మూడింటికీ మొదటినుంచి తిరగరాశాం. పాత పట్టికలో 1957 అని ఒక గడి ఉండేది, అందులో పేర్లు కూడా నింపి ఉన్నాయి! ఆ ఏడాది శాసనసభకు ఓటేసింది తెలంగాణ ప్రాంతం మాత్రమే. ఇటువైపు, అంటే ఆంధ్ర ప్రాంతంలో, లోక్‌సభకే పోలింగ్ జరిగింది. 1955లో ఎన్నికైన మన సభ్యులు 1962 దాకా కొనసాగారు. విజయవాడ దక్షిణం నుంచి 1955లో గెలిచి, 1956లో ఆంధ్రప్రదేశ్ తొలి స్పీకరైన అయ్యదేవర కాళేశ్వరరావు గారికి 1957లో మళ్లీ ఓట్లడగాల్సిన పనే పడలేదు. ఆ గడి కొట్టేశాం.

రెండో తప్పు నాదెండ్ల భాస్కరరావు గారి గురించి. ఆయన తూర్పు నుంచి గెలిచింది 1978లో, ఇందిరా కాంగ్రెస్ తరఫున. పాత పట్టికలో ఉత్త కాంగ్రెస్ అని వేశారు. అప్పటికే పార్టీ చీలింది కనుక అలా రాయకూడదు. 1984 ఆగస్టులో నెలరోజుల ముఖ్యమంత్రి అయ్యేనాటికి ఆయన వేమూరు సభ్యుడు. తూర్పు సభ్యుడు తెలుగుదేశం నుంచి 1983లో గెలిచిన అడుసుమిల్లి జయప్రకాష్ గారు. ఈ రెండు సంగతుల్నీ కలిపేసి చెప్పేవాళ్లు మన సభ్యుల్లోనే ఉన్నారు, పేర్లు రాయను.

‘పార్టీ’ గడిని మూడుగా చీల్చాం: గెలిచిన గుర్తు, పొత్తు, పదవీకాలం చివర ఉన్న పార్టీ. పశ్చిమ చరిత్ర ఇలా చీల్చకపోతే అర్థం కాదు. సీపీఐ అక్కడ 1985, 1994, 2004ల్లో గెలిచింది. మొదటి రెండుసార్లు తెలుగుదేశంతో పొత్తు, మూడోసారి కాంగ్రెస్‌తో. గుర్తు ఒక్కటే చూస్తే కంకి కొడవలి కోటలా కనిపిస్తుంది, పక్క గడి చూస్తే కోట తలుపులు ఎవరు తీశారో తెలుస్తుంది. 2014లో వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి గెలిచిన జలీల్‌ఖాన్ గారు 2016లో తెలుగుదేశంలో చేరారు. 2009లో ప్రజారాజ్యం నుంచి పశ్చిమలో వెల్లంపల్లి శ్రీనివాస్, తూర్పులో యలమంచిలి రవి గెలిచారు, 2011లో ఆ పార్టీయే కాంగ్రెస్‌లో కలిసిపోయింది. ఇవన్నీ ఒకే గడిలో ఇరికిస్తే చదివేవాడికి మిగిలేది అయోమయమే.

అసలు చిక్కు పేర్లతో కాదు, హద్దు గీతలతో. 2008 నియోజకవర్గాల పునర్విభజనకు ముందున్న తూర్పు వేరు, తర్వాతి తూర్పు వేరు. సెంట్రల్ మొదటిసారి ఓటేసింది 2009లో. కంకిపాడు పోయింది, పెనమలూరు వచ్చింది. 1985లో వంగవీటి మోహనరంగా గారు, 1988 డిసెంబరు 26న ఆయన హత్య జరిగాక 1989, 1994ల్లో రత్నకుమారి గారు, 1999లో బీజేపీ నుంచి కోట శ్రీనివాసరావు గారు, 2004లో వంగవీటి రాధాకృష్ణ గారు గెలిచిన తూర్పునూ, 2014 నుంచి వరసగా మూడుసార్లు గద్దె రామ్మోహన్ గారు గెలిచిన తూర్పునూ ఒకే వరసలో వేసి ‘ఫలానా వారి కంచుకోట’ అని రాయడం లెక్కకు నిలవదు. 2009లో రాధా గారు సెంట్రల్‌లో పోటీ చేసి మల్లాది విష్ణు గారి చేతిలో 848 ఓట్లతో ఓడారు. ఆయన నియోజకవర్గం మారారని రాస్తే సగమే నిజం, కాళ్ల కింద గీత కూడా మారింది. అందుకే పట్టికలో 2004కూ 2009కీ మధ్య అడ్డంగా ఎర్రగీత కొట్టించాం. ఆ గీత దాటి శాతాలు పోల్చవద్దని మనవి.

బూత్‌ల వారీ పనికి ఫారం-20 (ఏ బూత్‌లో ఎవరికెన్ని ఓట్లు వచ్చాయో చూపే అధికారిక ఫలితాల పత్రం) ఆధారం. కొత్తగా చేరినవాళ్ల కోసం పద్ధతి రాస్తున్నాను. బూత్ నంబరు పట్టుకుని రెండు ఎన్నికలు పోల్చకండి. హేతుబద్ధీకరణ, అంటే ఓటర్ల సంఖ్యను బట్టి బూత్‌లను మళ్లీ సర్దడం, జరిగినప్పుడల్లా నంబర్లు జరుగుతాయి. స్కూలు పేరు, అందులో ఏ వైపు గది, ఏ వీధుల ఓటర్లు అన్నది ఓటర్ల జాబితా మొదటి పేజీలో ఉంటుంది, దానితో జత కలపండి. టైపు చేసేటప్పుడు చివర్లో ఉండే పోస్టల్ బ్యాలెట్ల వరస వదిలేయడం మామూలైపోయింది. 2019లో సెంట్రల్‌లో మల్లాది విష్ణు గారికి 70,721, బొండా ఉమామహేశ్వరరావు గారికి 70,696. తేడా 25. అలాంటి చోట ఒక్క వరస తప్పితే చరిత్రే తప్పుతుంది. కాగితం బ్యాలెట్ల కాలానికి మాత్రం అన్ని ఎన్నికలకూ బూత్ లెక్కలు దొరకవు, కొన్నిసార్లు లెక్కించే ముందు చీటీలు కలిపేసే పద్ధతి ఉండేది.

వరద నష్టం. సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు సింగ్‌నగర్, పాయకాపురం ముంచినప్పుడు మన ట్రంకుపెట్టె ఒక సభ్యుని ఇంట్లో కింది గదిలోనే ఉంది. పాత ఓటర్ల జాబితాలు తడిసి ఇటుకల్లా అయ్యాయి. ఎండలో పెట్టకుండా ఫ్యాను గాలికి, పేజీకీ పేజీకీ మధ్య తెల్ల కాగితం పెట్టి, తడిసిన కాగితం మార్చుకుంటూ ఆరబెట్టారు. జిరాక్సులు బతికాయి. ఇంక్‌జెట్ ప్రింటులు, రబ్బరు స్టాంపులు కరిగి నీలి మరకలయ్యాయి. రెండు రోజులు దాటాక తెరిచిన కట్టలకు బూజు పట్టింది. తమ ఇల్లే బురదలో ఉండగా ఈ కాగితాలు చూసిన ఆ దంపతులకు సంఘం రుణపడి ఉంది. ఇకపై పెట్టె మొదటి అంతస్తు కిందకు దిగదు.

ఇక జనవరి ప్రదర్శన. ఇది మాత్రం గర్వంగానే రాస్తున్నాను. నగర పటం మీద పాత గీతలు ఒక ట్రేసింగ్ షీటు, కొత్త గీతలు మరో షీటు వేసి, ఎవరికి వారు తిప్పి చూసుకునేలా పెట్టాం. దాని పక్కన బల్ల మీద సెంట్రల్ మెజారిటీలు చింతపిక్కల్లో: 2019కి సాసర్‌లో 25, 2009కి చెంబులో 848. 2024లో బొండా ఉమా గారి 68,886కి పిక్కలు దొరక్క బియ్యం బస్తా ఖాళీ సంచి మీద అంకె రాసి వేలాడదీశాం. 848 లెక్కపెట్టడానికే ముగ్గురు కూర్చుంటే ఒకసారి 846, ఇంకోసారి 851 వచ్చింది. చివరికి యాభై చొప్పున కుప్పలు పోస్తేగానీ కుదరలేదు. ఆనాడు బ్యాలెట్ చీటీలను యాభై చొప్పున ఎందుకు కట్టలు కట్టేవారో, ఫలితం ప్రకటించేలోగా రాతపూర్వకంగా రీకౌంటింగ్ కోరే హక్కు ఎందుకుందో వచ్చినవాళ్లకు ఉపన్యాసం అక్కర్లేకుండా తెలిసింది. సాసర్ దగ్గరే జనం ఎక్కువసేపు నిలబడ్డారు. ‘మా అపార్ట్‌మెంట్‌లో ఆ రోజు ఓటేయనివాళ్లే ఇంతకంటే ఎక్కువ’ అని ఒకావిడ అన్న మాట సందర్శకుల పుస్తకంలో రాయించాం.

హాలు అద్దె తీసుకోని యాజమాన్యానికి, పటాలు గీసిన విశ్రాంత సర్వేయరు గారికి, ఫ్లెక్సీ ముద్రణ ఖర్చు భరించిన గాంధీనగర్ సభ్యులకు, రెండు రోజులూ మజ్జిగ పంపిన సత్యనారాయణపురం మహిళా సభ్యులకు, పిల్లల్ని తీసుకొచ్చిన ఉపాధ్యాయులకు, పిక్కలు ఏరి ఇచ్చిన అమ్మమ్మలకు కృతజ్ఞతలు.

వార్డు నడకకు పేరిచ్చినవారు పద్నాలుగు మంది, వచ్చినవారు నలుగురు. వాట్సాప్‌లో బొటనవేలు చూపడం హాజరు కిందకు రాదు. పాత పోలింగ్ కేంద్రాల జాబితా కోసం సమాచార హక్కు కింద దరఖాస్తు పెడితే ఒక కార్యాలయం, జిల్లా విభజనలో దస్త్రాలు పక్క జిల్లాకు వెళ్లాయంది. అక్కడ అడిగితే ఇక్కడే ఉన్నాయన్నారు. ముప్పై రోజుల గడువు రెండుసార్లు దాటింది. అప్పీలు వేశాం.

జమాఖర్చులు ఆడిటర్ సంతకంతో జతపరిచాం. చిన్న మిగులు ఉంది, చందా బాకీలు దానికంటే ఎక్కువ ఉన్నాయి. వివరాలు కోశాధికారి గారు చెబుతారు.

వచ్చే ఏడాది పశ్చిమ బూత్‌లు మొదలుపెట్టాలి. వన్‌టౌన్, చిట్టినగర్, భవానీపురం ఎరిగినవాళ్లు ముందుకు రావాలి. ప్రదర్శన తర్వాత కనిపించకుండా పోయిన పాత గీతల ట్రేసింగ్ షీటు ఎవరి దగ్గరున్నా సమావేశం రోజున తెచ్చివ్వండి, ఎందుకు తీసుకెళ్లారని ఎవరూ అడగరు.

ఇట్లు,
కార్యదర్శి
విజయవాడ