మిర్యాలగూడల ఉన్న తమ్మునికి

ఇంగ్లండ్ల లెస్టర్ నుంచి

తమ్మీ,

అమ్మకు, నాయినకు శనార్తులు. ఫోన్ల నువ్వు అడిగిన ముచ్చట వివరంగ రాస్తున్న. ఏడీహెచ్‌డీ అంటే ధ్యాస నిలువక, కుదురుగ ఉండలేని తీరు. అది పిల్లలకు గదా, నాకు ముప్పై నాలుగేండ్లకు ఎట్ల వస్తది అన్నవు. ఈ వయసుల కొత్తగ రాదు. పన్నెండేండ్లు నిండకముందే దాని గురుతులు ఉండాలె. బడిల గంట, ఇంట్ల లేపి పంపే అమ్మ ఉన్నన్ని రోజులు ఎట్లనో గడుస్తది. సొంత దుకాణం, ఉద్దెర ఖాతా, జీఎస్టీ రిటర్ను, బోరు మోటరు, పిల్లల ఫీజులు అన్నీ ఒక్కల మీదనే పడ్డంక బయటపడ్తది. చిన్నప్పటి ఉరుకుడు, దుంకుడు తగ్గుతయి, లోపలి కుదురులేనితనం మాత్రం ఉంటది.

అమ్మ దీన్ని బద్ధకం అంటది. ఈ కాయితం ఆమెకు చదివి వినిపియ్యి. బద్ధకస్తునికి పని తప్పితే పాణం హాయిగ ఉంటది. ఇదున్నోడు చెయ్యాలనే కూసుంటడు, మొదలువెట్టలేక రాత్రంత తనను తానే తిట్టుకుంటడు. ధ్యాస ఉంటది గని కావాల్సిన దిక్కు మళ్లదు. అందుకే ట్రాక్టర్ ఇంజను ముందట పొద్దంత కదలకుండ ఉంటవు, పది నిమిషాల బిల్లు నెల దాటిపోతది. ఇది వంశంల వచ్చుడు ఎక్కువ. మన చిన్నోని మీద గూడ ఒక కన్నెయ్యి.

నల్లగొండ ప్రభుత్వ మెడికల్ కాలేజీ దవాఖానల మానసిక వైద్యుల ఓపీకి పో. ముందుగాల మాట్లాడాలంటే సర్కారు మానసిక ఆరోగ్య ఫోన్ లైను టెలీ మానస్ 14416, పైసలు పడయి, తెలుగుల మాట్లాడ్తరు. అమ్మను తప్పక తోలుకపో, నీ చిన్నతనం గురించి డాక్టర్ అడిగేది ఆమెనే. పాత ప్రోగ్రెస్ కార్డులు ఉంటే పట్టుకపో. ధ్యాస నిలువకపోవుడుకు తొమ్మిది, నిలకడలేనితనానికి తొమ్మిది లక్షణాలు లెక్కవెడ్తరు. పదిహేడేండ్లు దాటినోళ్లకు ఒక్క వరుసల అయిదున్నా చాలు. కని ఇంట్లనే గాదు, దుకాణంల గూడ నష్టం కనవడాలె. సెల్‌ఫోన్ల ఆరు ప్రశ్నలు నింపి తేల్చుకోవద్దు, అది జల్లెడ మాత్రమే.

థైరాయిడ్, రక్తం పరీక్షలు చేపియ్యి. గురకవెట్టి నిద్ర తెగేటోళ్లకు, దిగులు పట్టినోళ్లకు గూడ ధ్యాస ఇట్లనే చెదురుతది. తేడా ఎక్కడంటే, దిగులు ఫలానప్పుడు మొదలైందని చెప్పొచ్చు, ఇది చిన్నప్పటి సంది ఉంటది. కొన్ని దినాలు నిద్రే లేకుండ విపరీతమైన హుషారు వచ్చిన కాలం ఉంటే దాచొద్దు. అది బైపోలార్, అంటే విపరీతమైన హుషారు, దిగులు మారిమారి వచ్చే జబ్బు కావచ్చు, అప్పుడు ధ్యాసకు ఇచ్చే గోళీలతోని అది ముదరొచ్చు.

మిథైల్‌ఫెనిడేట్ అనే ఏడీహెచ్‌డీ మందు అర్ధగంట నుంచి గంట లోపల పనిచేసుడు మొదలువెడ్తది, మామూలు గోళీ నాలుగు గంటల దాకా ఉంటది. చిన్న డోసుతోని మొదలువెట్టి పెంచుతరు. బీపీ, నాడి, బరువు ముందే చూడాలె, డోసు మారినప్పుడల్ల బీపీ, నాడి మళ్ల చూడాలె. మనోళ్లల్ల చిన్న వయసుల గుండెతోని ఎవరన్న పోయి ఉంటే చెప్పు. ఆకలి సస్తది గనుక అన్నం తిన్నంక వేసుకో; మాపటీలి వేసుకుంటే నిద్రవట్టదు. అటోమాక్సెటీన్ అనే ఇంకో మందు వేరే తీరుది, గుణం తెల్వనీకి వారాలు పడ్తయి. పది రోజులకే పనిచేస్తలేదని ఆపేసుడే చానామంది చేసే తప్పు.

మిథైల్‌ఫెనిడేట్ షెడ్యూల్ ఎక్స్, అంటే గట్టి ఆంక్షలతోనే అమ్మే మందు, డాక్టర్ చీటీ రెండు ప్రతులు కావాలె, ఒకటి మెడికల్ షాపోళ్లు పెట్టుకుంటరు. అన్ని షాపులల్ల దొరకది, ఏడ దొరుకుతదో డాక్టర్‌నే అడుగు. నన్ను పంపుమనకు, అది ఎన్‌డీపీఎస్ అనే మత్తుమందుల చట్టం కిందికొచ్చే మందు. దోస్తు దగ్గర ఒక్క గోళీ గూడ తీసుకోకు.

గోళీ పట్టు ఇస్తది, అలవాట్లు మాత్రం నువ్వే కట్టుకోవాలె. కండ్ల ముందట లేనిది నీకు లేనట్టే, అందుకే ఉద్దెర పుస్తకం బల్లకు తాడుతోని కట్టు. పాసుపుస్తకం, తాళాలకు ఒక్కటే తావు పెట్టు. బోరు మోటరుకు టైమర్ పెట్టియ్యి. 'రేపు చేస్త' అని రాయకు, '10 గంటలకు జీఎస్టీ కాయితాలు తియ్యాలె' అని రాయి. లెక్కల పిల్లగాన్ని పక్కన కూసోవెట్టుకుంటే పని సాగుతది, అతను ఏం చెయ్యకున్న సరే. ఏ పద్ధతైనా కొన్ని వారాలకు పాతవడ్తది. అప్పుడు నిన్ను నువ్వు తిట్టుకోకు, పద్ధతి మార్చు.

ఓపీకి ఏ రోజు పోతున్నవో మెసేజ్ పెట్టు. ముందటి రాత్రి అమ్మతోని నేనే మాట్లాడ్త.

మీ అక్క