టార్చి వెలుగులో మా నారు ఏరిపెట్టిన అవ్వకు

మొక్కల సంత నిన్న అయిపోయింది. ఇది రాస్తున్నది సోమవారం రాత్రి పదకొండింటికి. గోళ్ళ సందుల్లో ఎర్రమట్టి ఇంకా పోలేదు, నడుము వంగడం లేదు. నిద్రపోయి లేస్తే సగం మరిచిపోతానని భయంగా ఉంది, అందుకే ఇప్పుడే కూర్చున్నా. తప్పులుంటే మన్నించండి.

మా తోట సంగతి తెలియని వాళ్ళకు రెండు మాటలు. హనుమకొండలో మా కాలనీ లేఅవుట్‌లో పార్కు కోసం వదిలిన జాగా ఒకటుంది. ఏళ్ళ తరబడి పాత ఇళ్ళ ఇటుక ముక్కలూ సర్కారు తుమ్మా తప్ప అందులో ఏమీ లేవు. నాలుగేళ్ళ కింద ఇరవై రెండు ఇళ్ళ వాళ్ళం కలిసి దాన్ని శుభ్రం చేసుకున్నాం. ఇంటికొక మడి. పుంటికూర, గోకరకాయ, బీర, ఎవరికి నచ్చింది వాళ్ళు వేసుకుంటారు. నీళ్ళకు ఒక్కటే బోరు. ఈ ఎండాకాలం ఆ మోటారు కాలిపోయింది. దానికి వైండింగ్ చేయించాలి, రెండు డ్రమ్ములు కొనాలి. అందుకోసం నారు పెంచి అమ్ముదామని, అదే రోజు గేటు తెరిచి అందరికీ తోట చూపిద్దామని అనుకున్నాం.

మిరుగం నాడే, అంటే మృగశిర కార్తె మొదలయ్యే రోజే, పెడదామన్నారు మొదట. ఆ రోజు ఊరంతా చేపల కోసం తిరుగుతుంటుంది, మొక్కలు ఎవరు కొంటారని మా అక్క ఆపింది. దాంతో మిరుగం దాటిన మొదటి ఆదివారం ఖాయం చేసుకున్నాం. రోహిణి ఎండలు తగ్గి, తొలి వాన పడి, నాటిన మొక్క మాడిపోకుండా నిలబడే రోజులవి. అక్కడి నుంచి వెనక్కి లెక్కేశాం. మిరప నారుకు నలభై రోజులు, వంకాయకు నెల పైన, బంతికి నెల, టమాటకు ఇరవై అయిదు రోజులు. బీర, కాకర, సొర వేళ్ళు కదిలితే ఓర్చుకోవు కాబట్టి వాటిని చివర్లో, పేపరు కప్పుల్లో పెట్టాం. తొంభై ఎనిమిది గుంటలుండే ట్రేలు పద్నాలుగు తెచ్చి కొబ్బరి పొట్టు, వర్మీ కంపోస్టు నింపాం. మోటారు లేదు కాబట్టి మే నెలంతా ఇళ్ళ నుంచి బిందెలతో నీళ్ళు మోశాం. ఒక ట్రే టమాటకు నీళ్ళు ఎక్కువై నారుకుళ్ళు పట్టింది, రెండు రోజుల్లో మొదలు దగ్గర మెత్తబడి అంతా పడిపోయింది. మిగతా పదమూడు ట్రేలను కళ్ళల్లో పెట్టుకుని కాపాడాం.

చివరి వారం నీళ్ళు తగ్గించి, పైనున్న పచ్చ నెట్ తీసేశాం. నాటాక ఎండ తట్టుకోవాలంటే నారును ముందే అలా గట్టిపరచాలి. ఆ పని తప్పు కాదు. కానీ నెట్ లేని ఆ శనివారం సాయంత్రమే గాలి దుమారం వచ్చింది.

పది నిమిషాలు కూడా లేదు. ఇటుకల మీద పలకలు వేసి, వాటి మీద ట్రేలు వరుసగా పెట్టుకున్నాం. నేను గొడుగు పట్టుకుని ఉరికేసరికి ఒక్క పలక కూడా నిలబడి లేదు. ట్రేలు బోర్లా పడ్డాయి, కొన్ని గోడ దాకా కొట్టుకుపోయాయి. మిరప, టమాట, వంకాయ, బంతి అన్నీ బురదలో ఒకే కుప్ప. పిల్లలు రాసి గుచ్చిన పేర్ల పుల్లలు ఎక్కడెక్కడో పడి ఉన్నాయి. తెల్లారి తొమ్మిదింటికి జనం రావాలి. ఫోన్ చేస్తే అయిదారుగురు వచ్చారు. ఏది ఏ మొక్కో ఎవరికీ తెలియలేదు, నాకూ తెలియలేదు. నాలుగేళ్ళుగా తోట చేస్తున్నా, పేరు పుల్ల లేకపోతే రెండాకుల మొక్కను గుర్తుపట్టలేనని ఆ రాత్రే అర్థమైంది. రాత్రి ఎనిమిదిన్నరకు సంత వద్దని గ్రూపులో మెసేజ్ కూడా టైప్ చేశాను. పంపలేక, గేటు దగ్గరి దిమ్మె మీద కూర్చుని ఏడ్చాను.

అప్పుడు వచ్చిందామె. పక్క వీధిలో కడుతున్న అపార్టుమెంటు దగ్గర కాపలా పని చేస్తుందట. పని అయిపోయి సద్ది గిన్నె చేతిలో పట్టుకుని పోతూ ఆగింది. అంతకుముందు ఆమెను నేనెన్నడూ చూడలేదు. చూసే ఉంటాను, కానీ ఎవరని పట్టించుకుని ఉండను.

"ఎందుకేడుస్తున్నవ్ బిడ్డా?"

చూపించాను. ఆమె చెప్పులు గేటు దగ్గర విడిచి లోపలికి వచ్చింది. గుడికి వచ్చినట్టు చెప్పులు విడవడం ఏమిటని అడిగితే, "నారు కాడికి చెప్పులేస్కొని పోతమా" అంది. వంగి ఒక మొక్క తీసి, ఆకు నలిపి వాసన చూసి, "ఇది టమాట" అని పక్కన పెట్టింది. ఇంకోటి తీసింది. "దీని ఆకు మీద నూగు సూడు, వంకాయ. ఇగో ఇది నున్నగ మెరుస్తది, వాసన రాదు, మిరప. బంతి సంగతి నీకెరుకే గద, ముట్టుకుంటెనే చెయ్యంత వాసన." ఆమె చెప్తుంటే మేం చూడటం, మేం తీస్తుంటే ఆమె సరిచేయడం. అరగంటలో మాకూ చేతికి తెలిసిపోయింది.

ఆమెది నర్సంపేట దిక్కు ఊరు. ముప్పై ఏళ్ళు మిరప నాట్లకు కూలికి పోయింది. సొంత భూమి లేదు. మోకాళ్ళు నొప్పులు మొదలయ్యాక వంగి నాటే పని చేతకాక కొడుకుతో పాటు హనుమకొండ వచ్చేసింది. ఇదంతా ఆమె ఏరుతూ ఏరుతూ చెప్పింది. ఆ మోకాళ్ళతోనే మా బురదలో నాలుగు గంటలు కూర్చుంది.

వంగిపోయిన మొక్కలను పారేయబోతుంటే చెయ్యి పట్టుకుంది. "టమాట వంగితే ఏం గాదు. లోతుగ పెడితే కాడ పొడుగునా వేర్లు పట్టుకుంటయ్. మిరప మెడ విరిగితెనే ఇగ లేనట్టు." ట్రేలో నుంచి ఊడిన వాటిని మళ్ళీ గుంటల్లో కూర్చోబెట్టడానికి మేం తంటాలు పడుతుంటే, అదంతా వద్దని, ఊర్లో నారు అమ్మినట్టు కట్టలు కట్టమంది. పదేసి మొక్కలు, వేళ్ళకు ఇంత మట్టి, దాని మీద తడి గోనె ముక్క, అరటి నారతో ముడి. అలా నీడన పెడితే తెల్లారేదాకా వాడవట. మేం ఒక కట్ట కట్టేసరికి ఆమె నాలుగు కట్టేది. మా సంతను నిలబెట్టింది ఆ కట్టలే.

ఒక్క విషయంలో మాత్రం తెలియదని చెప్పేసింది. మేం రెండు రకాల మిరప పోశాం. ఒకటి సన్నరకం. రెండోది 2025లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చిన మన వరంగల్ చపాట, అదే టమాట మిర్చి అంటామే, కారం తక్కువ, రంగు ఎక్కువ. ఈ రెండూ కలిసిపోయాయి. "కాయ పడ్డంక గని ఎవ్వలు చెప్పలేరు. అమ్మేటప్పుడు కలిసిందని చెప్పి అమ్ము బిడ్డా, ఊకె మాట పడొద్దు" అంది. అలాగే చెప్పి అమ్మాం. మిరప కట్ట తీసుకున్న వాళ్ళకు ఇక్కడ మళ్ళీ చెప్తున్నా: కాయ లావుగా, గుండ్రంగా వస్తే అది చపాట, పచ్చడికి రంగు బాగా వస్తుంది.

పదకొండు దాటాక ఆమె నన్ను చూసి "తిన్నవా?" అని అడిగింది. తినలేదు. పొద్దున్నుంచి ఎవరికీ ఆ మాట అడిగే తీరిక లేదు, నాకూ గుర్తు లేదు. ఆమె సద్ది గిన్నె తెరిచింది. పొద్దున తెచ్చుకున్న అన్నంలో సగం మిగిలి ఉంది, అంచున చింతకాయ తొక్కు. నా చేతులు బురద అని, తనే చెయ్యి కడుక్కుని వచ్చి ముద్దలు కలిపి పెట్టింది. మా అమ్మ పోయి ఆరేళ్ళయింది. ఆ తర్వాత నా నోట్లో ఎవరూ ముద్ద పెట్టలేదు. నారు పడిపోయినప్పుడు ఏడ్చిన ఏడుపు ఒకటి, ఆ ముద్ద తింటూ ఏడ్చింది ఒకటి.

డబ్బులు ఇవ్వబోతే కోపం చేసింది. పేరు రాస్తానంటే వద్దంది, ఫోటో అసలే వద్దంది. ఒక్క బంతి కట్ట అడిగి తీసుకుంది. వాళ్ళుండే రేకుల గది పక్కన నాటుకుంటుందట, బతుకమ్మ నాటికి పూలొస్తాయని.

ఇక్కడ ఒక బాధ చెప్పకుండా ఉండలేను. మా గేటు ముందున్న కరెంటు స్తంభానికి లైటు సంక్రాంతి నుంచి వెలగడం లేదు. మూడుసార్లు ఫిర్యాదు ఇచ్చాం. మూడోసారి సమస్య పరిష్కరించినట్టు నా ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. బయటికి వచ్చి చూస్తే అదే చీకటి. ఆ అవ్వకు కంటి ఆపరేషన్ అయింది. మా ఫోన్ల టార్చీల కింద ఒక్కో ఆకునూ ముఖం దగ్గర పెట్టుకుని చూసింది. ఒక్క బల్బు వేసి ఉంటే ఆమెకు ఆ అవస్థ ఉండేది కాదు. రోడ్డు పక్కన షామియానా వేసుకోవడానికి నెల ముందే కాగితం పెట్టాం, అయిదుసార్లు తిరిగాం. పార్కు దగ్గర అమ్మకాలు కుదరవని ఒకరు, కుదురుతాయి కానీ ఈ సెక్షన్ కాదని ఇంకొకరు, సార్ సెలవులో ఉన్నారని మరొకరు. అనుమతి ఇవ్వలేదు, లేదనీ చెప్పలేదు. చివరికి కాయ మీదున్న బెండ మడి పీకేసి, అందులో షామియానా వేసుకున్నాం. ఇంటి పన్ను ఆలస్యమైతే మా దగ్గర వడ్డీ వసూలు చేస్తారు. మేం అడిగింది ఒక బల్బు, ఒక సంతకం. ఇది రాస్తుంటే నాకింకా కోపం తగ్గలేదు.

ఆదివారం మాత్రం బాగా జరిగింది. తొమ్మిదింటికే జనం వచ్చారు. పిల్లలు వానపాముల తొట్టి చుట్టూ మూగి కదల్లేదు. మా కాలనీ రిటైర్డు సారు మొక్కలకు పోసే జీవామృతం కలిపి చూపించారు. రెండు వందల లీటర్ల డ్రమ్ములో పది కిలోల పేడ, గోమూత్రం, రెండేసి కిలోల బెల్లం, శనగపిండి, గుప్పెడు గట్టు మట్టి. ఆడవాళ్ళు కాగితాల మీద రాసుకున్నారు. ధర్మసాగర్ వైపు నుంచి బండి మీద వచ్చిన ఇద్దరు రైతులు కట్టలు తిప్పి చూసి, "గిది కట్టిందెవరు, పని తెలిసిన చెయ్యి" అన్నారు. మధ్యాహ్నం రెండింటికల్లా కట్టలన్నీ పోయాయి. మొత్తం పద్నాలుగు వేల మూడు వందల ఎనభై రూపాయలు వచ్చాయి. మోటారు ఈ రోజే వైండింగ్‌కు ఇచ్చాం.

అవ్వ రెండున్నరకు వచ్చింది. వచ్చి గేటు బయటే నిలబడింది. లోపలికి రావడానికి టికెట్ ఉందనుకుందట. నేను చూసేదాకా ఎంతసేపు అలా ఎండలో నిలబడిందో తెలియదు. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాను. ఖాళీ పలకలు చూసి, "అన్ని పోయినయా?" అని అడిగి, తనే నవ్వింది. అవ్వా, నీకు చదువు రాదన్నవు. నీ మనవరాలితో ఇది చదివించుకో. నీకు దండం పెడుతున్నా.

మా ఆయన, పిల్లలు, అక్క అన్నీ చేశారు, వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

తోటలో మడులున్న ఇరవై రెండు ఇళ్ళ వాళ్ళకు, బిందెలు మోసిన ప్రతి ఒక్కరికీ థాంక్స్. ట్రేలు తక్కువ ధరకు ఇచ్చిన ములుగు రోడ్డు నర్సరీ ఆయనకు కూడా. అట్టపెట్టెలు, గోనె సంచులు ఇచ్చిన కిరాణం సేటు గారిని మరిచిపోయేదాన్ని, ఆ గోనెలు లేకపోతే కట్టలే లేవు. శనివారం రాత్రి పన్నెండింటికి లేపితే విసుక్కోకుండా బల్లలు తెచ్చిన టెంట్‌హౌస్ పిల్లవాడికి. మళ్ళీ పుల్లల మీద పేర్లు రాసిన ఏడో తరగతి అమ్మాయిలు ఇద్దరికి. అయ్యో, చిల్లర! పొద్దున్నే పది రూపాయల నోట్ల కట్ట తెచ్చి ఇచ్చిన పాల బూత్ అన్నకు. చాయ్ పంపిన ఎదురింటి వదినకు. ఇంకా ఎవరినైనా మరిచిపోతే నా అలసట అనుకోండి, మనసులో పెట్టుకోకండి.

మొక్కలు తీసుకెళ్ళిన వాళ్ళు సాయంత్రం పూటే నాటండి, మొదటి మూడు రోజులు ఏదైనా కొమ్మ గుచ్చి నీడ ఇవ్వండి. పేపరు కప్పుల్లో కాకర ఓ పాతిక, బంతి కొద్దిగా మిగిలాయి. బుధవారం వచ్చి ఊరికే తీసుకెళ్ళవచ్చు. ఆరున్నర లోపే రండి, గేటు దగ్గర లైటు ఇంకా వెలగడం లేదు.