డిశ్చార్జి తరువాతి చికిత్స: మన సంఘం 2025–26 వార్షిక నివేదిక, విశాఖపట్నం

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

మానసిక అస్వస్థతతో బాధపడుతున్నవారి కుటుంబాలు కలిసి ఏర్పరచుకున్న మన సంఘం ఈ సంవత్సరం చేసిన పనిని, అందులో ఎదురైన అడ్డంకులను, ప్రభుత్వం నుంచీ తోటి సమాజం నుంచీ మనం కోరుతున్నవాటిని ఈ నివేదికలో మీ ముందుంచుతున్నాము. గత సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకున్న ప్రకారం మన శ్రమలో అధికభాగాన్ని ఒక్క విషయం మీదే పెట్టాము. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన మనిషికి మందు ఆగకుండా అందేలా చూడడమే ఆ విషయం.

దీన్నే ఎందుకు ఎంచుకున్నామో కొత్తగా చేరిన సభ్యుల కోసం కొంత వివరించవలసి ఉంది. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల బ్రిటిషువారి కాలం నుంచి ఉన్నది. ఉత్తరాంధ్ర పేద కుటుంబాలకు ఈనాటికీ అదే పెద్ద దిక్కు. అక్కడి వైద్యులన్నా నర్సులన్నా మనకు గౌరవం ఉంది; మనలో చాలా ఇళ్లు వారి వల్లనే నిలదొక్కుకున్నాయి. అయితే జబ్బు ముదిరినప్పుడు చేర్చుకొని, నెమ్మదించాక మందులిచ్చి పంపడంతో ఏ ఆసుపత్రి పని అయినా ఒక కొలిక్కి వస్తుంది, కుటుంబం పని అప్పుడే మొదలవుతుంది. స్కిజోఫ్రీనియా, బైపోలార్ వంటి జబ్బులకు మందులు నెలల తరబడి, కొందరికి ఏళ్ల తరబడి వాడాలి. తగ్గిపోయింది కదా అని మానేస్తే తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ.

గాజువాక వైపు ఉండే మన సభ్యురాలొకరు కుమారుడి మాత్రలను బిస్కెట్ల డబ్బాలో దాచి, ప్రతి అట్ట వెనుక అది ఏ తేదీకి అయిపోతుందో బాల్‌పెన్నుతో రాసి పెట్టుకుంటారు. ఆ కుర్రవాడు వాడేది లిథియం. అది తక్కువైతే పనిచేయదు, ఎక్కువైతే విషమవుతుంది కాబట్టి రక్తంలో దాని స్థాయిని, దానితోపాటు మూత్రపిండాల, థైరాయిడ్ పనితీరును అప్పుడప్పుడు పరీక్ష చేయించాలి. మందుకు ఒకసారి, పరీక్షకు ఒకసారి, ఫలితం చూపించడానికి ఇంకొకసారి రావలసి వస్తే ఇళ్లలో పనిచేసుకునే ఆ తల్లికి అన్నిసార్లూ ఆ పూట కూలి పోతుంది. దగ్గరి ఆరోగ్య కేంద్రంలో ఆ అట్ట దొరికి ఉంటే ఆమె సంవత్సరం మరోలా గడిచేది. విధానం గురించి మనం మాట్లాడేదంతా చివరికి ఆ డబ్బా నిండి ఉందా లేదా అన్న దగ్గరే తేలుతుంది.

చట్టం ఏమంటున్నదో మన న్యాయ ఉపసంఘం ఈ ఏడాది నెలవారీ సమావేశాల్లో చదివి వినిపించింది. 2018 మే 29 నుంచి అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 లోని 18వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ ఖర్చుతో మానసిక వైద్యం పొందడం ప్రతి వ్యక్తి హక్కు. అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నవాటిని సామాజిక ఆరోగ్య కేంద్రం మొదలుకొని పై స్థాయి ప్రభుత్వ ఆసుపత్రులన్నిటా మానసిక రోగులకు అన్నివేళలా ఉచితంగా ఇవ్వాలి. ఈ మాటను సభ్యులు జాగ్రత్తగా గమనించాలి. బాధ్యత సామాజిక ఆరోగ్య కేంద్రం దగ్గర మొదలవుతుందే తప్ప, మన వార్డుకూ ఊరికీ దగ్గరగా ఉండే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఆ వాక్యంలో లేదు. ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాజ్యాంగం ప్రకారం రాష్ట్ర జాబితాలోనివి కనుక ఆ మిగిలిన అడుగును రాష్ట్ర ప్రభుత్వమే తన నిర్ణయంతో వేయాలి. ఇదే కోరుతూ సోమవారం అర్జీల వేదికలో వినతిపత్రం ఇచ్చాము. రసీదు వచ్చింది, నిర్ణయం రావలసి ఉంది.

ఏజెన్సీ సంగతి ఇంతకంటే కష్టం. 2022లో జిల్లాల విభజన జరిగి పాడేరు జిల్లా కేంద్రమైనప్పటికీ, ముంచింగిపుట్టు, చింతపల్లి వైపు నుంచి జబ్బు మనిషిని ఘాటు రోడ్డు దింపి వంద కిలోమీటర్లకు పైగా విశాఖకు తీసుకువస్తున్న కుటుంబాలను మన వాలంటీర్లు ఈ ఏడాది కూడా కలిశారు. కువి అనే గిరిజన భాష మాట్లాడే తల్లి తన బిడ్డకు చెవిలో ఏ మాటలు వినిపిస్తున్నాయో తనకు సరిగా రాని తెలుగులో చెప్పవలసి వస్తే వైద్యునికి చేరేది అందులో సగమే. అటువంటి కుటుంబం ముందుగా మంత్రం వేసే గురువు దగ్గరికో, తాయెత్తు కట్టేవారి దగ్గరికో వెళితే దాన్ని అజ్ఞానమని తీసిపారేయడం న్యాయం కాదని కార్యవర్గం అభిప్రాయం. నడిచి వెళ్లగలిగినంత దూరంలో, తన భాషలో వినే మనిషి వారికి అక్కడే దొరుకుతున్నాడు.

బళ్లారిలో జరిగిన ప్రయోగం ఆధారంగా జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో 1996లో మొదలైంది. బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015–16లో జరిపిన జాతీయ సర్వే పెద్దవారిలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నదని, జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మంది దాకా చికిత్సకు దూరంగానే ఉన్నారని తేల్చింది. లక్ష జనాభాకు ముగ్గురు మానసిక వైద్యులు కావలసిన చోట దేశంలో ఉన్నది 0.75 మాత్రమే. అంతర్జాతీయ ప్రమాణాలకు తగిన సంఖ్యలో నిపుణులను సమకూర్చుకునేందుకు చట్టంలోని 31వ సెక్షన్ ప్రభుత్వాలకు పదేళ్ల గడువు పెట్టింది, ఆ గడువు 2028 మేలో ముగుస్తుంది. మానసిక వైద్యులను రెండేళ్లలో తయారుచేయడం ఎవరి వల్లా కాదని మనకు తెలుసు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకు శిక్షణ ఇవ్వడం, మందు మానేసిన వారి ఇంటికి వెళ్లి పలకరించే పనిని ఏఎన్ఎంలకు, ఆశా కార్యకర్తలకు తగిన పారితోషికంతో అప్పగించడం మాత్రం ఈ రెండేళ్లలోనే సాధ్యం. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ మానసిక సహాయ ఫోను సేవ టెలి మానస్ (14416)కు తెలుగులోనే ఫోన్ చేసి మాట్లాడవచ్చు, రాత్రివేళ మన సభ్యులకు అది ఎంతో ధైర్యమిచ్చింది. అయినా ఫోను ద్వారా మాత్ర అందదు కదా.

విద్యార్థుల విషయంలో ఈ సంవత్సరం ఒక పెద్ద మలుపు. విశాఖలో వసతిగృహంలో ఉంటూ నీట్‌కు చదువుతున్న బాలిక 2023లో మరణించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పు ఇస్తూ, మానసిక ఆరోగ్యం జీవించే హక్కులో అంతర్భాగమని చెప్పి దేశమంతటికీ మార్గదర్శకాలను నిర్దేశించింది. నూరుమంది లేదా అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హతగల కౌన్సెలర్ గానీ, సైకాలజిస్టు గానీ, సోషల్ వర్కర్ గానీ ఉండాలి, వీలైనంతవరకు మార్కులను బట్టి బ్యాచులు విడదీయరాదు, సహాయ ఫోను నంబర్లు అందరికీ కనిపించేలా ఉంచాలి. మన సభ్యులు కొన్ని శిక్షణ సంస్థల అనుమతితో తల్లిదండ్రుల సమావేశాల్లో మాట్లాడారు. ఒకచోట ఆ నంబరు గోడమీద ఉన్నది, దాని పక్కనే వారాంతపు పరీక్ష మార్కుల ప్రకారం పిల్లలను ఏ సెక్షన్ నుంచి ఏ సెక్షన్‌కు మార్చారో తెలిపే జాబితా కూడా ఉన్నది. ఆ జాబితా చూడడానికే పిల్లలు గుమిగూడుతున్నారు. తల్లిదండ్రులు అడగనిదే ఆ కాగితం గోడమీద నుంచి దిగదు, అందువల్ల వచ్చే ఏడాది మన మాటలు యాజమాన్యాలకంటే ముందు తల్లిదండ్రులతోనే సాగాలి.

ఇక సమాజం సంగతి. కుటుంబం లేదనో, ఇంటివారు రానివ్వడం లేదనో ఎవరినీ ఆసుపత్రిలో ఉంచేయరాదని 19వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. అటువంటి వారికోసం సామాజిక వసతిగృహాలు ఏర్పరచవలసింది ప్రభుత్వం. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో మానసిక రోగులను ఉంచే ఒక ఆశ్రమంలో గొలుసులతో కట్టివేసి ఉన్నవారిలో 28 మంది అగ్నికి ఆహుతైన తరువాత కూడా వసతిగృహాల కొరత తీరలేదు. కోలుకొని, కూర్మన్నపాలెంలో దుకాణంలో పనిచేస్తున్న మన యువ సభ్యుడొకరిని, టేబుల్ మీద మందుల చీటీ చూసిన ఇంటి యజమాని నెల తిరగకుండానే ఖాళీ చేయమన్నారు. చట్టం ఎంత గట్టిగా ఉన్నా అద్దె ఇల్లు దొరకనివాడు తిరిగి ఆసుపత్రి గేటు దగ్గరికే చేరతాడు. ఆ యజమానితో మన అధ్యక్షులు రెండుసార్లు మాట్లాడారు, ఫలితం లేకపోయింది. వేరే కాలనీలో ఒక సభ్యుని హామీతో ఇల్లు కుదిరింది.

వైకల్యాన్ని నిర్ధారించే సదరం ధ్రువపత్రాల విషయంలో సభ్యులకు సాయం కొనసాగింది. నెలకు 6,000 రూపాయల పింఛనుకు 40 శాతం వైకల్యం నమోదు కావాలి. మందు బాగా పనిచేస్తున్న రోజున శిబిరానికి వెళితే శాతం తగ్గుతుందనే భయం కుటుంబాల్లో ఉన్నది. మందు ఆపి తీసుకువెళ్లే ఆలోచన ఎవరూ చేయవద్దని కార్యవర్గం గట్టిగా కోరుతోంది. అందుకు బదులుగా గత రెండేళ్ల ఆసుపత్రి కాగితాలన్నీ వరుసగా పెట్టుకొని వెళ్లండి. జమాఖర్చులు ఆడిటరు పరిశీలించినవి, విడిగా పంచుతున్నాము.

వచ్చే సంవత్సరానికి కార్యవర్గం ప్రతిపాదిస్తున్నది ఒక్కటే పెద్ద పని. ఏ ఆరోగ్య కేంద్రంలో ఏ నెలలో ఏ మందు దొరికిందో, ఏది దొరకలేదో రాసి, ఆ పట్టికను 2028 గడువు దాటకముందే రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ ముందుంచాలి. ఇందుకోసం సర్వసభ్య సమావేశానికి వచ్చేటప్పుడు ప్రతి కుటుంబం గత మూడు నెలల మందుల చీటీలను జిరాక్సు తీయించి తీసుకురావాలి. మందు వాడుతున్న మనిషి అంగీకారం తప్పక తీసుకోండి, పేరు, చిరునామా కొట్టివేసిన తరువాతనే కాపీని కార్యదర్శికి ఇవ్వండి.