హనుమకొండ డాక్టరమ్మకు కృతజ్ఞతలు

మా పాప పెంచుకుంటున్న గినీ పిగ్ ఉన్నట్టుండి మేత మానేసింది. వరంగల్‌లో అడిగిన చోటల్లా కుక్కలు, పిల్లులనే చూస్తామన్నారు. చివరికి హనుమకొండలో మీ దగ్గరికి వచ్చాం. క్లినిక్ మూసే వేళ అది. అయినా మీరు దాన్ని టవల్‌లో చుట్టి ఒళ్లో పెట్టుకుని, పళ్లు, పొట్ట నెమ్మదిగా చూశారు. ఒక్కరోజు తినకపోయినా వీటి పేగుల కదలిక ఆగిపోవచ్చని, ఎవరిచ్చినా అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ మందు మాత్రం పట్టొద్దని చెప్పారు. మనకులాగే వీటి ఒంట్లోనూ విటమిన్ సి తయారు కాదట, అందుకే రోజూ క్యాప్సికం ముక్క పెట్టమన్నారు. ఎండుగడ్డి ఎప్పుడూ ఉండాలన్నారు. సిరంజితో మెత్తటి మేత ఎలా పట్టాలో పాప చేయి పట్టుకుని మరీ నేర్పించారు. మాకు కాదు, పాపకే! ఏడుస్తున్న పిల్ల అక్కడే కుదుటపడింది. రాత్రి మీరే ఫోన్ చేసి, "పెంటికలు వేసిందా అమ్మా?" అని పాపనే అడిగారు. ఇప్పుడది బాగా తింటోంది. మా ఇంటిల్లిపాది తరఫున మీకు చాలా చాలా థ్యాంక్స్ మేడమ్.