నాన్నగారి ఊపిరిని లెక్కపెట్టిన డాక్టరు గారికి కృతజ్ఞతలు

మా నియోజకవర్గ కేంద్రంలోని ఏరియా ఆసుపత్రిలో మా నాన్నగారికి వైద్యం చేసిన డాక్టరు గారికి, ఆ రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టర్ గారికి మా కుటుంబమంతటి తరఫున హృదయపూర్వక కృతజ్ఞతలు.

నాన్నగారికి 74 ఏళ్లు. మూడు రోజులపాటు అన్నం ముట్టలేదు, మాటల్లో పొంతన పోయింది, ఎప్పుడో కాలం చేసిన మా పెదనాన్న పొలం నుంచి వచ్చాడా అని అమ్మను పదేపదే అడిగారు. ఒళ్లు వెచ్చబడలేదు, దగ్గు కూడా చెప్పుకోదగ్గంత లేదు. పెద్దతనమే కాబోలనుకున్నాము, మొదట చూపించిన చోట నీరసమని సెలైన్ ఎక్కించి పంపించారు.

డాక్టరు గారు మమ్మల్ని మాట్లాడవద్దని సైగ చేసి, నాన్నగారి చొక్కా పైకెత్తి, చేతి గడియారం చూస్తూ నిమిషం నిండేదాకా ఊపిరిని లెక్కపెట్టారు. 32 వచ్చింది. తరువాత వీపున కుడివైపు అడుగుభాగాన స్టెతస్కోపు ఆనించి చాలాసేపు విన్నారు. వేలికి తొడిగిన ఆక్సిమీటరు రక్తంలో ఆక్సిజన్ 88 శాతమని చూపింది, ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింది భాగం తెల్లగా కమ్ముకుని కనిపించింది. ఇది ఇంటి దగ్గర ఉండగానే సోకిన న్యుమోనియా అని, పెద్దవయసు వారిలో జ్వరం లేకుండా కేవలం మతి తప్పడంతోనే బయటపడవచ్చని అప్పుడు చెప్పారు.

ఇంటికి పంపాలా, చేర్చుకోవాలా అన్నది ఆయన అంచనాతో తేల్చలేదు. న్యుమోనియా ఎంత తీవ్రంగా ఉందో చెప్పే కర్బ్-65 అనే లెక్కలో మతి స్థిమితం, రక్తంలో యూరియా, ఊపిరి వేగం, బీపీ, 65 నిండిన వయసు అనే అయిదింటికి ఒక్కో మార్కు ఉంటుందట. యూరియా రిపోర్టు రాకముందే నాన్నగారికి మూడు పడ్డాయి కనుక వెంటనే చేర్చుకుని, ఆక్సిజన్ పెట్టి, యాంటీబయాటిక్ మొదలుపెట్టించారు. క్షయ కూడా కావచ్చునేమోనని కఫం పరీక్షకు పంపారు. అది కాదని తేలింది.

సిస్టర్ గారు తెల్లవార్లూ వచ్చి ఊపిరి లెక్కపెట్టి కేస్ షీటులో రాశారు. నా అరచేతిని నాన్నగారి పొట్ట మీద ఉంచి, పొట్ట పైకి లేచినప్పుడల్లా ఒకటిగా ఎలా లెక్కించాలో ఓపికగా నేర్పారు. ఆ చేయి కింద 32 కాస్తా నాలుగో రోజుకు 20కి దిగడం నేనే లెక్కించి చూసుకున్నాను.

నాన్నగారికి చుట్ట అలవాటు ఉంది గనుక, ఆ మచ్చ వెనుక మరేదీ దాగలేదని నిర్ధారించుకోవడానికి ఆరు వారాలకు మళ్లీ ఎక్స్‌రే తీయించమన్నారు. నిన్న తీయించాము. మచ్చ లేదు. ఆ ఫిల్మును డాక్టరు గారికి చూపించడానికి నాన్నగారు తానే చంకన పెట్టుకుని ఆసుపత్రి మెట్లెక్కారు.