గోల్ఫ్ ఉపసంఘం వార్షిక నివేదిక – 2025

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం.

గత సర్వసభ్య సమావేశంలో పలువురు తల్లిదండ్రులు అడిగిన ప్రశ్నే ఈ ఏడాది మా పనికి దారి చూపింది. గోల్ఫ్ బాగా ఆడే పిల్లలకు విశ్వవిద్యాలయంలో సీటు వస్తుందా, ఫీజు తగ్గుతుందా అన్నది ఆ ప్రశ్న. కాలిఫోర్నియా బే ఏరియాలో మన ఇళ్లకు దగ్గరలోనే ఉన్న స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పురుషుల, మహిళల గోల్ఫ్ జట్లను ఏడాది పొడవునా గమనించి, మాకు తెలిసినంతలో జవాబును మీ ముందు ఉంచుతున్నాము.

విశ్వవిద్యాలయాల జాతీయ పోటీలలో పురుషుల జట్టుకు 2025 నాటికి 9 టైటిళ్లు ఉన్నాయి. మొదటిది 1938లోను, చివరిది 2019లోను వచ్చాయి. గోల్ఫ్ దిగ్గజాలు టామ్ వాట్సన్, టైగర్ వుడ్స్ ఇక్కడి విద్యార్థులే. అయితే మన పిల్లలకు తప్పక చెప్పవలసిన ముచ్చట ఒకటి ఉంది: జట్టు 1994లో గెలిచిన తరువాతే వుడ్స్ చేరారు, ఆయన ఉన్న రెండేళ్లలో జట్టుకు టైటిల్ రాలేదు. 1995లో స్కోర్లు సమమై, ఓక్లహోమా స్టేట్ చేతిలో ప్లేఆఫ్‌లో జట్టు ఓడిపోగా, 1996లో ఆయన వ్యక్తిగత విజేతగా మాత్రమే నిలిచారు. ఐదుగురు బరిలోకి దిగితే ప్రతి రౌండులో నాలుగు మంచి స్కోర్లను లెక్కలోకి తీసుకునే ఈ పోటీలో, ఒక్కరు ఎంత గొప్పగా ఆడినా తక్కిన ముగ్గురి స్కోర్లు కలిసిరాక తప్పదు.

మహిళల జట్టు చరిత్ర చిన్నదే అయినా ఈ దశాబ్దంలో దానిదే పైచేయి. శిక్షకురాలు ఆన్ వాకర్ ఆధ్వర్యంలో 2015, 2022, 2024 సంవత్సరాలలో టైటిళ్లు గెలిచింది. ఆ జట్టు క్రీడాకారిణి రోజ్ జాంగ్ 2022లోను, 2023లోను వరుసగా వ్యక్తిగత విజేత అయ్యారు. అంతకుముందు ఏ మహిళా రెండుసార్లు ఆ ఘనత సాధించలేదు. మే నెలలో కార్ల్స్‌బాడ్‌లోని లా కోస్టా మైదానంలో జరిగిన జాతీయ పోటీలకు మన సభ్యులు కొందరు కుటుంబాలతో వెళ్లారు. నాలుగు రౌండ్ల మొత్తం స్కోరును లెక్కించే స్ట్రోక్ ప్లేలో అందరికంటే ముందు నిలిచిన స్టాన్‌ఫర్డ్, ఆ తరువాత జట్లు ముఖాముఖి తలపడి టైటిల్ తేల్చుకునే మ్యాచ్ ప్లే ఫైనల్లో నార్త్‌వెస్టర్న్ చేతిలో 3–2 తేడాతో ఓడిపోయింది. నాలుగు రౌండ్ల ఆధిక్యం ఒక్క పూటలో చెల్లకుండా పోవడం న్యాయమా అని తిరుగు ప్రయాణంలో చాలాసేపు వాదన నడిచింది. నివేదిక రాస్తున్నవారు న్యాయం కాదనే పక్షాన ఉన్నారు.

ఇక అసలు ప్రశ్న. 2024–25 విద్యాసంవత్సరం వరకు, విశ్వవిద్యాలయ క్రీడలలో పైశ్రేణి అయిన డివిజన్ 1లో ఒక విశ్వవిద్యాలయం పురుషుల గోల్ఫ్‌కు 4.5, మహిళల గోల్ఫ్‌కు 6 పూర్తి స్కాలర్‌షిప్‌లకు మించి ఇవ్వకూడదన్న పరిమితి ఉండేది. తొమ్మిది మంది ఉన్న జట్టుకు వాటిని పంచితే అబ్బాయికి సగటున సగం, అమ్మాయికి మూడింట రెండు వంతులు దక్కేవి. అమెరికన్ ఫుట్‌బాల్ ఒక్కటే పురుషులకు 85 స్కాలర్‌షిప్‌లు తీసుకునేది గనుక, విద్యాసంస్థలలో స్త్రీపురుష వివక్షను నిషేధించే 1972 నాటి టైటిల్ నైన్ చట్టం ప్రకారం సమతూకం కోసం మహిళల క్రీడలకు ఎక్కువ కేటాయించేవారు. క్రీడాకారులు వేసిన దావాలో జూన్ 2025లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో, అందులో చేరిన విశ్వవిద్యాలయాలకు ఆ పరిమితులు పోయి, జట్టులో తొమ్మిది మందికి మించకూడదన్న కట్టుబాటు వచ్చింది. తొమ్మిది మందికీ పూర్తి సహాయం ఇవ్వవచ్చు, కానీ ఇచ్చి తీరాలని లేదు. కనుక గోల్ఫ్‌ను నమ్ముకుని ఫీజు లెక్కలు వేసుకోవద్దని, మార్కులను ఏమాత్రం తగ్గనివ్వవద్దని మా సలహా.

మరొక జాగ్రత్త. మిషెల్ వీ స్టాన్‌ఫర్డ్‌లో చదివి 2012లో పట్టా పొందినా, అప్పటికే వృత్తి క్రీడాకారిణి కావడంతో ఆ జట్టుకు ఆడలేకపోయారు. పిల్లలు ఏ పోటీలోనైనా ప్రైజ్ మనీ తీసుకునే ముందు నిబంధనలు చదవాలి.

యువజనుల ముఖాముఖిలో ఎక్కువ సేపు వృత్తి గోల్ఫ్ క్రీడాకారుడు సాహిత్ తీగల గురించే చర్చ జరిగింది. హైదరాబాద్ నుంచి వచ్చిన కుటుంబంలో కాలిఫోర్నియాలో పుట్టిన ఆయన పెప్పర్‌డైన్ విశ్వవిద్యాలయానికి ఆడారు. మణికట్టు గాయంతో ఒక సీజన్ మొత్తం కూర్చుండిపోయి, తిరిగి వచ్చి 2020లో విశ్వవిద్యాలయ గోల్ఫ్‌లో ఉత్తమ క్రీడాకారుడికి ఇచ్చే హాస్కిన్స్, హోగన్, నిక్లస్ పురస్కారాలు మూడింటినీ అందుకున్నారు. ఆ ఏడాది జాతీయ పోటీలను కోవిడ్ రద్దు చేసింది. పెప్పర్‌డైన్ టైటిల్ గెలిచింది ఆయన వెళ్లిపోయాక, 2021లో. ఆయన 2023లో వృత్తి గోల్ఫర్ల పోటీల పరంపర అయిన పీజీఏ టూర్‌లో తొలి విజయం సాధించింది మనకు పక్కనే ఉన్న నాపాలో కావడంతో, ఆ రోజు అక్కడున్న సభ్యుల కబుర్లు ఎంతకీ తెగలేదు.

జమాఖర్చుల పట్టికను కోశాధికారి విడిగా సమర్పిస్తారు. సభ్యులు ఇచ్చిన పాత క్లబ్బులలో చాలావరకు పెద్దల కొలతవి కావడంతో చిన్నపిల్లల శిక్షణ తరగతి ఆలస్యమైంది. చిన్న కొలత సెట్లు ఉన్నవారు, ముఖ్యంగా ఎడమచేతి వాటం సెట్లు ఉన్నవారు, ఫిబ్రవరి లోపు ఉపసంఘానికి తెలియజేయగలరు.