పాత డిస్కు మళ్లీ మాకెందుకు?

సంపాదకులు గారికి,

గత ఆదివారం అనుబంధంలో పాత రాక్ ఆల్బమ్‌లకి అదనపు డిస్కులూ, హంగులూ చేర్చి పెట్టెగా అమ్మే బాక్స్ సెట్ల మీద వచ్చిన వ్యాసం చదివాను. అవి డబ్బున్నవాళ్ల షోకేసుల్లోకే గాని పాట కోసం కాదని రచయిత తేల్చేశారు. కొన్నింటి విషయంలో నిజమే. పింక్ ఫ్లాయిడ్ బృందం ‘డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ 2011 సెట్లో గోలీలూ, స్కార్ఫూ పెట్టి అమ్మారు. గోలీలు మా వీధి చివర కొట్లోనూ దొరుకుతాయి.

కానీ ద హూ అనే బ్రిటిష్ రాక్ బృందం ‘టామీ’ని కూడా అదే గాటన కట్టడం అన్యాయం. చూపూ, మాటా, వినికిడీ లేని ఒక కుర్రాడి కథను రెండు ఎల్పీల నిండా పాటలుగా చెప్పిన ఆల్బమ్ అది. 1969 మేలో వచ్చింది. పాటలు చాలావరకు రాసిన ఆ బృందం గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్ మెహెర్ బాబా భక్తుడు, అట్ట మీద బాబా పేరు కూడా వేశారు. 1954లో బాబా ఆంధ్ర పర్యటనకొచ్చినప్పుడు దర్శనం చేసుకున్న మనిషి మా నాన్న. కాలేజీ రోజుల్లో ఆ అట్ట చూపిస్తే, “గిటార్లు విరగ్గొట్టేవాళ్లకి బాబా ఏమిటే!” అన్నారు. అని, అట్ట మాత్రం చాలాసేపు తిప్పి తిప్పి చూశారు.

2013లో దాన్ని నాలుగు డిస్కుల సెట్‌గా వేశారు. డాలస్‌లో ఉంటున్న మా అబ్బాయి తెచ్చిచ్చాడు. అందులో రెండో డిస్కు చాలావరకు టౌన్‌షెండ్ సొంతంగా చేసుకున్న డెమోలది, అంటే అసలు రికార్డింగుకి ముందు చేసుకున్న నమూనాలది. కీత్ మూన్ డ్రమ్ముల హోరు ఉండదు, రోజర్ డాల్ట్రీ కేక ఉండదు. ఒక్క మనిషి తన సన్నటి గొంతుతో తన పాటను తానే సరిచూసుకుంటున్నట్టు ఉంటుంది. ఆల్బమ్ వింటే అంతా ముందే గీసుకున్న పటంలా తోస్తుంది గాని, అందరికీ తెలిసిన ఆ పిన్‌బాల్ (యంత్రంలో గోళీని కొట్టే ఆట) పాట చివర్లో వచ్చి చేరిందే. నిక్ కోన్ అనే విమర్శకుడికి ఆ ఆటంటే పిచ్చి, ఆయన మెప్పు కోసం రాశారు! ఇలాంటి అతుకులు ఎక్కడెక్కడ పడ్డాయో తెలియాలంటే డెమోలే దిక్కు.

ఇంకొకటి. 1970 ఫిబ్రవరి 14న లీడ్స్ యూనివర్సిటీ కచేరీలో వీళ్లు ‘టామీ’ దాదాపు మొత్తం వాయించారు. ఆ కచేరీ నుంచి ఆ ఏడాది వచ్చిన ‘లైవ్ ఎట్ లీడ్స్’ ఎల్పీలో ఉన్నవి ఆరే పాటలు. ఆ రాత్రి వాయించిన టామీ అంతా డిస్కుగా మన చేతికొచ్చింది 2001లో, ఆ ఎల్పీని పెంచి వేసిన కొత్త కూర్పులోనే. దీన్ని కూడా షోకేసు సరుకే అంటారా?

నా ఫిర్యాదు వేరే. మా ఇంట్లో టామీ ఎల్పీగా ఉంది, క్యాసెట్‌గా ఉంది, సీడీగానూ ఉంది. ఈ సెట్లో మొదటి డిస్కు మళ్లీ అదే. నాలుగోది బ్లూరే, అది పెట్టుకుని వినే యంత్రం మా ఇంట్లో లేదు. కొత్తది ఒకటో రెండో ఉంటే, ఉన్నదాన్ని కూడా కలిపి అంటగట్టడం ఏ వ్యాపార న్యాయం? యాభై ఏళ్లుగా కొంటున్నవాళ్లకి డెమోలు విడిగా, మామూలు అట్టలో, మామూలు ధరకి ఇస్తే వాళ్ల సొమ్మేం పోతుంది?

వ్యాసకర్త గారు ఈసారి రాసేముందు ఆ రెండో డిస్కు వినాలని నా మనవి. ఆయన దగ్గర లేకపోతే మా ఇంటికి రావచ్చు. గూడెం స్టేషన్‌కి దగ్గరే, కాఫీ కూడా ఇస్తాను.

— ఒక రిటైర్డ్ లెక్చరర్, తాడేపల్లిగూడెం